లోపలికి ఒక్కరే

"కూలర్ ఎవరు తిప్పిండ్రు?" వంటింట్లోంచి కౌసల్య కేకేసింది.

"నేనే తిప్పిన," అంది అత్త నాగరత్నం. "మహిత రెండు పాణాల మనిషి. జెర గాలి తగలనియ్యి."

"పొయ్యి కాడ ఉడికేది ఒక్క పాణమేనని లెక్క లేదా అత్తమ్మా?" కౌసల్య గరిటెతోనే వచ్చి, కూలర్‌ను వంటింటి వైపు తిప్పేసింది.

చాప మీద పడుకున్న తోడికోడలు మహిత నవ్వింది. "అటే ఉండనియ్యి అక్కా. నాకు సలి పెడ్తుంది."

ఆ నవ్వు చూస్తే కౌసల్యకు ఒళ్ళు మండింది.

మహితకు ఎనిమిదో నెల. బిడ్డకు తల పైఎముక ఏర్పడలేదనీ, ప్రాణంతో పుట్టినా గంటో రెండు గంటలో బతుకుతుందనీ ఐదో నెల స్కానింగ్‌లోనే డాక్టర్లు చెప్పారు. తీయించుకొమ్మని అందరూ అన్నారు. మహిత వినలేదు. "గంటంటే గంటే. నా దగ్గర్నే ఉంటది" అంది. అప్పటినుంచి ఇంట్లో ఆమె అడిగిందల్లా జరుగుతోంది.

అలాంటిదాన్ని చూసి ఎవరైనా జాలిపడతారు. కౌసల్య కుళ్ళుకుంటోంది.

పదకొండింటికి ఆసుపత్రి నుంచి నర్సు త్రివేణి వచ్చింది. పుట్టి ఎక్కువసేపు బతకని బిడ్డలను చూసుకోవడమే ఆమె పని. గొట్టాలు, సూదులు ఏమీ పెట్టరట. నొప్పి తెలియకుండా చూస్తారట. పుట్టగానే తల్లి గుండెల మీదే పడుకోబెడతారట. పాదాల ముద్రలు తీసిస్తారట.

"పేరు అనుకున్నరా?" అడిగింది త్రివేణి.

"అక్షర," అంది మహిత.

పేరు కూడానా! తలుపు పక్కన నిలబడ్డ కౌసల్య పళ్ళు బిగబట్టింది. ఆరేళ్ళ కింద ఆమెకు ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. మత్తు దిగేసరికి పిల్ల లేదు. "సచ్చి పుట్టింది బిడ్డా. మొహం సూస్తే పాశం పడతది" అంటూ అత్త అప్పటికే మట్టి చేయించి వచ్చింది. కౌసల్య కూతురికి పేరు లేదు. పోలిక ఎవరిదో కూడా తెలియదు. ఈ మహితకు మాత్రం నిండా గంట!

"కాన్పు గదిలోకి తల్లితోని ఒక్కరినే రానిస్తరు," అంది త్రివేణి. "ఎవరొస్తరో పొద్దుగూకే లోపల ఫోన్ చేసి చెప్పండి."

"ఇంకెవరు? అత్తమ్మనే," అంది కౌసల్య. "మట్టి చేయించుడు ఆమెకు అలవాటే గద."

నాగరత్నం లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

మహిత భర్త సందీప్ కాజీపల్లి మందుల కంపెనీలో పొద్దుటి షిఫ్టు దిగి వచ్చేసరికి రెండున్నర దాటింది. ముగ్గురూ అన్నాలకు కూర్చున్నారు. కౌసల్య పచ్చిపులుసు వడ్డిస్తోంది.

"అమ్మా, లోపలికి నువ్వే పోతవు గద? నాతోనైతే కాదే," అన్నాడు సందీప్.

"నేను పోను." నాగరత్నం ముద్ద కలపడం ఆపింది. "కౌసల్య పోతది. మహితను అడిగినంకనే చెప్తున్న."

మహిత తలూపింది.

"నేనెందుకు?" కౌసల్య గిన్నె టక్కున కింద పెట్టింది. "ఆమె బిడ్డ, ఆమె సంబురం. నేను పక్కకు నిలవడి కండ్లల్ల నిప్పులు పోసుకోవాల్నా?"

"నిలవడుడు కాదు. మహిత ఎత్తుకున్నంక నువ్వు ఎత్తుకోవాలె."

"నువ్వుండంగ నేనెందుకని అడుగుతున్న!"

నాగరత్నం పెద్దకోడలి మొహంలోకి చూసింది.

"నీ బిడ్డ సచ్చి పుట్టలే కౌసల్యా. అర్ధగంట నా ఒళ్లెనే బతికింది."