కుచుక్ పాట

నా భార్య బురుల్, కొండ కనుమలో మంచుచరియ కింద కనబడకుండా పోయిన రాత్రి కూడా, మా కాపలా యంత్రం కుచుక్ గొర్రెల చుట్టూ తిరుగుతూ పాడింది. తోడేళ్లను బెదిరించే ఆ పాట ఆమె నేర్పిందే. పల్లవిలో ‘బెక్‌బెకే’ అనమంటే అది ‘బెబ్బెకే’ అనేది.

“మాస్టారింట్లో ఉంటూ నోరు తిరగదేమే, ఇనప మొద్దూ!” అని బురుల్ నవ్వేది. కుచుక్ ఆమెను అక్కా అని పిలిచేది.

ఆమె పోయిన నలభయ్యో రోజు, ఆమె పేర భోజనాలు పెట్టాం. ఆ రాత్రి కుచుక్ ఆ మాటను సరిగ్గా పలికింది.

“ఎవరు దిద్దారే?” లోపలినుంచే అడిగాను.

“అక్కే, మాస్టారూ. ఇప్పుడే. మీకు వినపళ్లా?”

గొర్రెలు ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యాయి. మంచు మీద అడుగుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది. కుచుక్‌కు ఉన్నవి చక్రాలు.

“అక్కకి చలేస్తోందంట. తలుపు తియ్యండి.”

తెల్లవారుతోంది. తలుపు నేనింకా తీయలేదు.