ఎవరి మనిషి

"దారి తప్పినట్టున్నారు పెద్దాయనా. ఎర్ర జట్టువాళ్లు కూర్చునేది అటువైపు."

గస్ అన్న మాటకి చుట్టూ ఉన్న నీలం టోపీలన్నీ నవ్వాయి.

ముసలాయన తన ఎర్ర కోటుకేసి చూసుకున్నాడు. అది ఎందుకు వేసుకున్నాడో తనకే తెలియనట్టు.

"మా ఆవిడ కాఫీకి వెళ్లింది. ఇక్కడే ఉండమంది," అన్నాడు.

"పోనీలేరా, ఉండనీ," అన్నాడు లాయిడ్ బావమరిదితో. ఈ శనివారం ఎవరితోనూ తగువు పడే ఓపిక లేదతనికి.

కింద కాలేజీ మైదానంలో అతని కొడుకు వేడ్ నీలం జట్టుకి అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. ఇదే ఆఖరి సంవత్సరం. బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ని గుద్ది పడగొట్టడం వాడి పని. వాణ్ని చూడటానికే నగరం నుంచి ప్రొఫెషనల్ జట్టు మనిషి వచ్చి, పైన అద్దాల గదిలో కూర్చున్నాడు. అతని కంట పడితే వేడ్ గట్టెక్కినట్టే. లేదంటే వేసవి నుంచి తండ్రి వెంట టైర్ల ఫ్యాక్టరీకే.

స్కోరు సమానం. ఆట ఇంక కాసేపే.

ఎర్రవాడొకడు బంతి చంకన పెట్టుకుని వచ్చాడు. వేడ్ తల వంచి ఎదురెళ్లాడు.

రెండు హెల్మెట్లు కొట్టుకున్న చప్పుడు పై వరస దాకా వినబడింది. ఎర్రవాడు వెల్లకిలా పడ్డాడు. బంతి జారిపోయింది. నీలం జనమంతా లేచి ఊగిపోయారు.

"అదీ బావా దెబ్బంటే. పైనున్నాయన కాఫీ ఒలకబోసుకునుంటాడు," అన్నాడు గస్.

వేడ్ లేచాడు. ఎర్రవాళ్ల బెంచీ వైపు కొంచెం దూరం నడిచాడు. ఆగాడు. అప్పుడు ఇటు తిరిగాడు.

గస్ అది చూడలేదు. లాయిడ్ చూశాడు.

"వాడి హెల్మెట్ తీసి దాచెయ్యండి," అన్నాడు ముసలాయన.

"ఏంటీ?"

"దగ్గరుంటే మళ్లీ పెట్టుకుని వెళ్తాడు. దాచెయ్యాలి. ఆ అబ్బాయి తల బాలేదు."

గస్ నవ్వాడు. "చూశావా బావా ఎర్ర కోటు తెలివి. మనవాణ్ని కూర్చోబెట్టేస్తే వాళ్లు గెలిచెయ్యొచ్చు."

"నేను వాళ్ల మనిషిని కాను."

"మరెవరి మనిషివి?"

ముసలాయన మళ్లీ తన కోటుకేసి చూసుకున్నాడు.

కింద, ఆటగాళ్ల దెబ్బలు చూసే అమ్మాయి వేడ్‌ని బెంచీ మీద కూర్చోబెట్టి ప్రశ్నలేస్తోంది. నెలల పేర్లు వెనకనుంచి చెప్పించింది. వాడు చెప్పాడు. అయినా ఆమెకి అనుమానం తీరలేదు. గ్యాలరీ ముందున్న కమ్మీ దగ్గరికి వచ్చి తలెత్తింది. లాయిడ్‌ని ఎరుగును ఆమె.

"అన్నీ సరిగ్గానే చెప్పాడు సార్. కానీ మాట ముద్దముద్దగా వస్తోంది. ఎప్పుడూ ఇంతేనా?"

బెంచీ మీంచి వేడ్ తన తండ్రినే చూస్తున్నాడు. కళ్లతోనే బతిమాలుతున్నాడు.



ముసలాయన అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "కాదని చెప్పు బాబూ. ఒక్క మాట. అంతే చాలు."

"చెయ్యి తియ్యండి."

"నాకు తెలుసు బాబూ. నాకు..."

మాట మధ్యలో తెగింది. తనకేం తెలుసో వెతుక్కుంటున్నాడు.

"తాగొచ్చాడు బావా," అన్నాడు గస్.

లాయిడ్ చెయ్యి విదిలించుకున్నాడు. మెట్ల దగ్గరున్న కాపలా మనిషిని పిలిచాడు. "ఈయన్ని వాళ్ల వైపు దిగబెట్టి రా. మమ్మల్ని ఆట చూడనివ్వడం లేదు."

ముసలాయన ఎదురు చెప్పలేదు. మెట్లు దిగుతూ కూడా వెనక్కి తిరిగి, "దాచెయ్యండి," అన్నాడు.

లాయిడ్ కమ్మీ మీంచి వంగాడు.

"మావాడు మొదట్నుంచీ అంతేనమ్మా. మాట తక్కువ."

ఆ అమ్మాయి తలూపి పక్కకి తప్పుకుంది. వేడ్ హెల్మెట్ తగిలించుకుని పరిగెత్తాడు.

రెండోసారి తగిలిన దెబ్బ మొదటిదాంట్లో సగం కూడా లేదు. చూసినవాళ్లకి అలాగే అనిపించింది.

వేడ్ మాత్రం లేవలేదు.

ఎర్రవాళ్లూ నీలంవాళ్లూ కూడా ఎక్కడివాళ్లక్కడ ఒక మోకాలి మీద కూర్చుండిపోయారు. స్ట్రెచర్ చక్రాల చప్పుడొకటే.

ఆదివారం మధ్యాహ్నమైనా ఆస్పత్రి గది కిటికీకి తెర వేసే ఉంది. వెలుతురు పడితే వేడ్‌కి వాంతులవుతున్నాయి. ఇక ఆట ఊసెత్తొద్దని డాక్టరమ్మ చెప్పింది. చదువు సంగతి, జ్ఞాపకం సంగతి కొన్నాళ్లు పోతేగానీ చెప్పలేనంది.

లాయిడ్ బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. పక్కన గస్.

గోడ మీద టీవీలో నగరం జట్టు ఆట వస్తోంది. లాయిడ్ ఏ ఆదివారమూ వదలని ఆట. ఇవాళ చూడకూడదనుకున్నాడు. అయినా అక్కణ్నుంచి లేవలేదు.

విరామంలో, ఒకప్పుడు ఆ జట్టుకి ఆడినవాళ్లని, జట్టు ఇచ్చిన ఎర్ర కోట్లతో, ఒక్కొక్కర్నే మైదానంలోకి పిలుస్తున్నారు. ఒకాయన్ని భార్య చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఎవరికోసమోనని ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"బావా, ఈయన నిన్నటి..." గస్ మిగతాది మింగేశాడు.

ఆడే రోజుల్లో ఆ ముఖమెప్పుడూ హెల్మెట్ ఊచల వెనకే ఉండేది. టీవీ తెర అడుగున హార్లన్ స్టకీ అని పేరు పడ్డాకే ఆయనెవరో లాయిడ్‌కి తెలిసింది.

వేడ్ పసివాడుగా ఉన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని, గుద్దితే ఇదిగో ఇలా గుద్దాలిరా అంటూ పాత ఆటల వీడియోల్లో లాయిడ్ తిప్పి తిప్పి చూపించింది ఆయన్నే.