గేటు పక్కన గులాబీ

"అమ్మా, ఆ మిషన్ ఓ ఐదు నిమిషాలు ఆపుతావా?"

టైలరమ్మ తలెత్తి చూసింది.

గేటు బయట ఓ ముసలాయన. నెత్తిన తువ్వాలు, చేతిలో నిలువెత్తు ఇనుప కడ్డీ.

"ఎందుకు?"

"నీ మిషన్ చప్పుడులో నాకు నీళ్ళ చప్పుడు వినపడటం లేదు."

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వానలు పడాల్సిన నెలలో చుక్క పడలేదు. రేడియో పెడితే ఒకటే మాట, ఏ దిక్కుకి ఎంత దూరం పోయినా ఇదే ఎండట. కొళాయి మూడు రోజులకోసారి వస్తోంది, అదీ సూదిలోకి ఎక్కించే దారంలా. ఎండకి తాళలేక అత్త లోపల వట్టి నేల మీద పడి ఉంది. ఆవిడ ఒంటి మీద గుడ్డ తడిపి వెయ్యడానికి రోజుకి రెండు చెంబులు కావాలి. ఆ రెండు చెంబులకే గగనమైపోతోంది.

"శనివారానికి అరవై బడి చొక్కాలివ్వాలి. నేనాపితే నువ్వొచ్చి కుడతావా తాతా?"

ముసలాయన గేటు పక్కనున్న గులాబీ మొదట్లో కడ్డీ ఆనించి, రెండో కొసకి చెవి పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"ఎవరే అది?" లోపల్నించి అత్త అడిగింది.

"ఎవరో తాత. ఎండకి బుర్ర కదిలినట్టుంది."

"నీ గులాబీ మీద కన్నేశాడేమో, చూసుకో!"

వీధిలో మొక్కలన్నీ చీపురుపుల్లలైపోయాయి. ఆ గులాబీ ఒక్కటే పచ్చగా, మూడు మొగ్గలతో ఉంది. ఆమె పోసేది మాత్రం గుడ్డ జాడించిన అరచెంబు నీళ్ళే. "అంతా నీ చేతి చలువే పిల్లా," అంది అత్త ఓ రోజు. పెళ్ళయిన పధ్నాలుగేళ్ళలో ఆవిడ నోటినుంచి రాలిన మెప్పు అదొక్కటే. ఈ నెలంతా టైలరమ్మ ఆ మాట పట్టుకునే బతుకుతోంది.

ముసలాయన మర్నాడూ వచ్చాడు. సరిగ్గా అప్పుడే దారం తెగి మిషన్ ఆగింది.

కడ్డీకి చెవి ఆనించిన ఆయన మొహం విప్పారింది.

"ఇక్కడే తల్లీ. కింద నీళ్ళు ఏడుస్తున్నాయి."

"నీళ్ళేడవటమేమిటి తాతా, చోద్యం కాకపోతే?"

"పైపు పగిలితే అంతేనమ్మా. సన్నగా, ఆపకుండా ఏడుస్తాయి. ఈ మొక్క తీసి గజం లోతు తవ్వితే చాలు. నువ్వు సరేనంటే ఆఫీసు మనుషుల్ని పంపమంటాను."

అంటే ఈ పచ్చదనం తన చేతి చలువ కాదన్నమాట. అది ఆమెకి ఎక్కడో తగిలింది. తగిలినందుకే కోపమొచ్చింది.

"వీధి మొత్తానికి పచ్చగా ఉన్నది ఇదొక్కటి. ఇదీ పీకించేస్తే నీకు చల్లగా ఉంటుందా?"

ఆయన చిన్నబోయాడు. అది చూసి ఆమెకే మనసొప్పక గ్లాసుడు నీళ్ళిచ్చింది. ఆయన సగం తాగి గ్లాసు తిరిగిచ్చాడు.

"మిగతాది లోపల పెద్దావిడకుంచు."

"సర్లే, రేపు రా తాతా. చూద్దాం."

రేపంటే నిజంగానే రేపనుకున్నాడు పాపం. మర్నాడొచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఆమె తలెత్తకుండానే "రేపు రా" అనేది. ఆ తర్వాత రాలేదు.

"హమ్మయ్య, పీడ వదిలింది," అనుకుంది టైలరమ్మ.

వారం తిరిగేసరికి కొళాయి తిప్పితే గాలి తప్ప ఏమీ రాలేదు. అత్తకి మాట తడబడుతోంది. ఇంట్లో తడపడానికి నీళ్ళు లేవు.

అదే పూట నీళ్ళ ఆఫీసు మేస్త్రీ ఇద్దరు మనుషుల్ని, పారల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో అదే కడ్డీ.

"అమ్మా, కాస్త మిషన్..."

ఆమె అప్పటికే ఆపేసింది.

మేస్త్రీ జేబులోంచి చీటీ తీసి మనుషులకి చదివి వినిపించాడు. "టైలరమ్మ గేటు పక్కన, గులాబీ కింద. వేళ్ళు తెగకుండా మట్టి ముద్దతో సహా తీసి నీడన పెట్టాలి. మొగ్గలున్నాయి."

ఆమె చీటీలోకి తొంగి చూసింది. "ఎవరు రాశారు?"

"మా పెద్దాయనమ్మా. రిటైరై పదకొండేళ్ళు. లీకులు పట్టే యంత్రం మూలపడ్డాక ఈ నెలంతా ఆయన చెవే మాకు దిక్కు. పిలవకుండానే వచ్చి పధ్నాలుగు పట్టిచ్చాడు. ఇది పదిహేనోది. 'ఆ అమ్మ సరేనన్నాకే తవ్వండి' అన్నాడు. వీధంతా ఎండిపోయింది, ఇక ఆగలేక వచ్చాం."

"తవ్వండి," అంది ఆమె. మొక్కని తనే పట్టుకుని పక్కకి జరిపింది.

గజం లోతు కూడా పోలేదు, నీళ్ళు ఉబికాయి. మధ్యాహ్నానికి పైపుకి కట్టు పడింది. లోపల కొళాయి రెండుసార్లు దగ్గి, బకెట్లో ధారగా పడింది. తడిగుడ్డ ఒంటి మీద పడగానే అత్త కళ్ళు తెరిచింది. వాకిట్లో గొయ్యి, గోడ పక్కన గులాబీ కనిపించాయి.

టైలరమ్మకి సిగ్గేసింది. పెద్ద గ్లాసు నిండా నీళ్ళు పట్టుకుని గేటు దగ్గరికొచ్చింది.

"ఆయన్ని తీసుకురా బాబూ. ఈసారి సగం తాగి ఇచ్చేస్తే ఊరుకోను."

మేస్త్రీ పార కింద పెట్టాడు.

"మొన్న వడదెబ్బకి పోయాడమ్మా. చెరువు దగ్గర్నుంచి బిందె మోసుకొస్తూ దారిలో పడిపోయాడు."

"నీళ్ళ ఆఫీసులో పనిచేసినాయనకి బిందె మొయ్యాల్సిన ఖర్మేమిటి?"

మేస్త్రీ వీధి మలుపు వైపు చూపించాడు.

"ఈ పైపు అటు తిరిగి ఆగేది ఆయనింట్లోనేనమ్మా. ఇక్కడ పగిలిన దగ్గర్నుంచీ ఆయన కొళాయిలో చుక్క రాలేదు."