బల్బుల డబ్బాలో బృందగానం

జ్ఞానప్రకాశం అన్న ముప్పై ఏళ్లుగా మా సుబేదారి చర్చిలో పాటల బృందాన్ని నడిపిస్తున్నాడు. మొన్న హెడ్‌ఫోన్‌తో వినే ట్యూబుల ఆంప్లిఫయర్ కొని, చూద్దువు రమ్మని నన్ను ఇంటికి పిలిచాడు. డబ్బా మీద రెండు గాజు బల్బులు కొత్త పెళ్లికొడుకుల్లా ఎర్రబడి ఉన్నాయి.

"బల్బులు వేడెక్కాలె తమ్మీ. అప్పుడే గొంతుల తీపి దిగుతది."

"అండ్లనే బువ్వ సుత వండుకోరాదే అన్నా!"

అతను కళ్లద్దాలు తుడుచుకుంటుండగా, ఫోన్ నుంచి డబ్బాకు పోయే వైరు పీకేశాను. అన్న హెడ్‌ఫోన్ పెట్టుకొని కళ్లు మూసుకున్నాడు.

"అబ్బ! ఆడపిల్లల గొంతులు కుడి దిక్కు, మొగోళ్లవి ఎడమ దిక్కు. నడుమ ఊపిరి తీసుకున్నది సుత ఇనవడ్తాంది!"

అతను కళ్లు తెరవగానే వైరును ముక్కు ముందు ఊపాను. "ఇది ఎప్పుడో పీకిన్నే! ఆదివారం చర్చి మొత్తానికి చెప్త."

అన్న సిగ్గుపడలేదు. లేచి వెళ్లి తలుపు దగ్గరకు వేశాడు.

"వైరున్నా లేకున్నా నాకు ఒక్కతీరే. ఈస్టర్ సంది పాట ఇనవడ్తలేదు. మాటలంటే మూతులు జూసి సమజ్ చేసుకుంటాన. దీంతోనన్న ఇనవడ్తదేమోనని కొన్న."

వైరు మళ్లీ గుచ్చి, హెడ్‌ఫోన్ నా తలకు పెట్టాడు. "మన బృందం మొన్న పాడిన పాట. ఎవలు తప్పుతాండ్లో జర చెప్పు. రేపు దిద్దాలె."

విన్నాను. రెండో చరణంలో ఒక గొంతు శ్రుతి తప్పింది.

"ఎవలు?" అన్నాడు నా మూతికేసి చూస్తూ.

"మా బిడ్డనే అన్నా," అని రెండుసార్లు చెప్పాను, అతను చదువుకునేంత నెమ్మదిగా.