ఆకు మీద దుమ్ము

"ఏయ్, ఎవురమ్మా అది? పురుగులింటి కాడ నీకేం పని?"

అక్కయమ్మ ఆకు గంప కింద పడేసి పరిగెత్తుకొచ్చింది.

పట్టుపురుగులు మేస్తున్న ఇంటి గడప దగ్గర పరాయి మనిషి నిలబడితే గూళూరు చుట్టుపక్కల పల్లెల్లో ఎవరూ ఊరుకోరు. సొంత అక్కచెల్లెళ్ళనైనా లోపలికి రానివ్వరు.

వచ్చినావిడకు యాభై దాటి ఉంటాయి. నేత చీర, భుజాన గుడ్డ సంచి. చేతిలో ఒక మల్బరీ ఆకు. దాన్ని కొంగుతో తుడిచి, కొంగుకు అంటిన బూడిదరంగు దుమ్మును చూస్తోంది.

"కోప్పడొద్దమ్మా. నా పేరు మంజుశ్రీ. చిక్కబళ్ళాపురం కాలేజీలో ఇంగ్లీషు పాఠం చెప్తాను. ఈ దుమ్ము ఎప్పట్నుంచి పడ్తాండాది?"

"ఆ కొండ కాడ క్రషర్ పెట్టి రాళ్ళు పొడి చేస్తాండారు కదా, అప్పట్నుంచి. బెంగుళూరి కాడ ఎయిర్‌పోర్టు కడతాండారంట, కంకరకు బలే గిరాకీ అంట. అయినా నీకేంటికి?"

"నూటయాభై ఏండ్ల కింద ఇంగ్లండులో మిల్లుల పొగ ఊళ్ళ మీద ఇట్లే పడిందమ్మా. చెట్లు, ఏర్లు, మనుషులు, అన్నీ నల్లబడినాయి. ఆ కాలం నవలల్లో రాసిపెట్టినారు. నా పరిశోధన అంతా దాని మీదే."

అక్కయమ్మకు నవ్వొచ్చింది. "యాడి ఇంగ్లండు, యాడి మా పల్లె! బలే చెప్తావులే తల్లీ."

ఆ నవ్వుతో కోపం కాస్త తగ్గింది. ఆవిడ గడప బయటినుంచే మెడ చాపి తట్టల్లోకి చూసింది. నాలుగో జ్వరం, అంటే మేత మాని పడుకునే నిద్ర, దాటి కుబుసం విడిచిన పురుగులు, సన్నగా వాన పడుతున్న చప్పుడుతో ఆకు మేస్తున్నాయి.

"అబ్బా! ఎంత ముద్దుగా ఉండాయో!"

అక్కయమ్మ గబుక్కున గడపకు అడ్డం నిలబడింది.

పురుగుల్ని మెచ్చుకుంటే అక్కడ ఎవరూ సంతోషించరు. మెచ్చుకున్న కన్నే దిష్టి కన్ను. పాపం, అన్ని పుస్తకాలు చదివిన మనిషికి ఆ ఒక్క సంగతి తెలియలేదు.

ఆవిడ అటు పోగానే అక్కయమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేసింది.

ఏం లాభం! వారం తిరక్కముందే పురుగులు ఆకు ముట్టడం మానేశాయి. మెత్తబడి, నల్లబడి, తట్టలకు తట్టలే చచ్చాయి. అంతకు ముందు పంట కూడా అలాగే పోయింది.

"ఇంకొక్క పంట చూస్తాం. అదీ పోతే ఇంటికి బీగం ఏసి బెంగుళూరికి గారపనికి పోయేదే," అన్నాడు మొగుడు లక్ష్మణప్ప, చచ్చిన పురుగుల్ని గుంటలో పోస్తూ.

"అంతా ఆ పాడుకన్నుది చేసిన పనే!" అంటూ అక్కయమ్మ గుండెలు బాదుకుంది.

దుమ్ము తిన్న పురుగు బతకదన్న సంగతి ఇద్దరికీ తట్టనే లేదు.

కొన్నాళ్ళకు ఆవిడ మళ్ళీ వచ్చింది.

"అమ్మా, గుప్పెడు ఆకు కావాల. జడ్జిగారికి..."

అక్కయమ్మ మాట పూర్తి కానివ్వలేదు. దోసెడు మన్ను తీసి మొహాన కొట్టింది.

"పచ్చని పంటను మింగితివి కదే! మళ్ళా ఏ మొగం పెట్టుకొని వస్తివే?"

ఊరంతా గుమిగూడింది. ఒక్కరూ అడ్డుపడలేదు.

ఆవిడ కళ్ళల్లో మన్ను తుడుచుకుంటూ, "పురుగులు పోయినాయా?" అని మాత్రం అడిగింది.

"పోయినాయి! నీ కడుపు సల్లబడిందా?"

ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది. నాటకాలాడుతోందంటూ బస్సు ఎక్కేదాకా తరిమారు.

వానలు మొదలయ్యాక క్రషర్ ఆగిపోయింది. కోర్టు ఆపమందట. కొండ మీంచి దుమ్ము లేవలేదు. వాన నీళ్ళకు ఆకు కడిగిపెట్టినట్టు తేటపడింది. చలి పడి అనపకాయలు కాసే కాలానికి అక్కయమ్మ ఇంట్లో పురుగులన్నీ గూళ్ళు కట్టాయి. ఇంటికి బీగం వేసే పని తప్పింది.

కొండను కొలవడానికి వచ్చిన సర్వేయరు గిరీశ్‌ను అక్కయమ్మ పట్టుకుంది.

"అప్పా, ఆ కేసు ఏసిన పుణ్యాత్ముడు ఎవురప్పా? కాళ్ళు మొక్కాల."

"చిక్కబళ్ళాపురం కాలేజీలో ఇంగ్లీషు మేడమమ్మా. ఆ పొద్దు నేనూ కోర్టులోనే ఉంటిని. 'ఇంగ్లీషు చెప్పుకునేదానివి, పురుగుల గొడవ నీకేంటికమ్మా?' అని జడ్జిగారే అడిగినారు. 'పొగలో చచ్చిపోయినోళ్ళ కత పుస్తకాల్లో చదివి ఇన్నేండ్లు ఏడ్చినాను సార్. బతికుండేటోళ్ళ కోసరం ఒక్కసారన్నా కొట్లాడల్ల కదా' అనింది."



మర్నాడే అక్కయమ్మ ఒడినిండా అనపకాయలు కట్టుకుని మొగుడితో చిక్కబళ్ళాపురం బస్సెక్కింది. కాలేజీకి సెలవు కావడంతో దారిన పోయేవాళ్ళను అడిగి, వెనక సందులో ఆవిడ అద్దెకున్న గది వెతుక్కుంటూ పోయారు. గదికి తాళం వేసి ఉంది. ఇంటి యజమానురాలు జయలక్ష్మమ్మ బయటికొచ్చింది.

"మేడమ్ యాడికి పోయినారమ్మా? ఒక్క మాట చెప్పుకొని పోవల్ల."

"ఇంగ యాడి మేడమ్ తల్లీ! పోయిన నెల జ్వరమొచ్చి ఆస్పత్రిలోనే పాణం పోయింది."

అక్కయమ్మ ఒడి జారి కాయలు నేలపాలయ్యాయి.

"ఆ తల్లి మొగాన మన్ను కొట్టినానమ్మా! ఈ చేత్తోనే కొట్టినా! కాళ్ళు పట్టుకుందామని వస్తే ఆ కాళ్ళూ లేకపాయనే!"

లక్ష్మణప్ప తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. "వాళ్ళోళ్ళు యాడుంటారమ్మా? వాళ్ళకన్నా మొక్కి పోతాం."

"ఈ ఊర్లోనే ఉండారప్పా. ఆమెను గడప తొక్కనీలేదు. చావుకూ రాలేదు. కాలేజీ ఆడపిల్లలే మోసినారు."

"అయ్యో! కన్నబిడ్డ చావుకు కూడానా? అంత తప్పు ఏం చేసిందమ్మా ఆ తల్లి?"

జయలక్ష్మమ్మ కింద పడ్డ కాయలు ఏరి అక్కయమ్మ ఒడిలో వేసింది.

"ఆ క్రషర్ ఆమె నాయనదే కదప్పా."