డెడ్ సెక్షన్‌లో బండి

చర్లపల్లి అవతల, బండి ఆగకూడని చోట ఆగింది.

"అన్నా, డెడ్ సెక్షన్ల ఆపినవేంది?" అసిస్టెంటు రాజయ్య నెత్తి పట్టుకున్నాడు. "బోర్డులు రెండూ సదివి అరిచి చెప్పిన గద."

"గొర్రె అడ్డమొచ్చింది," అన్నాడు డ్రైవర్ బిక్షపతి.

"నాకు కనబడలే."

"దానికి నువ్వు కనబడ్డవు తీ. పో, ఫోన్ జెయ్యి."

కాజీపేట లైనుకు కరెంటు ఇంజిన్లు కొత్తగా వచ్చిన రోజులవి. కరెంటు ఇంజిన్ కడుపులో నిప్పుండదు. నెత్తిమీది చెయ్యి చాపి పైతీగ నుంచి కరెంటు అందుకుంటుంది. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తగ్గించి మోటార్లకిస్తే, అవి చక్రాలు తిప్పుతాయి. రెండు సబ్‌స్టేషన్ల కరెంటు ఒకదానికొకటి తగలకుండా, మధ్యలో కొంత తీగను ఉత్తగా వదిలేస్తారు. అదే డెడ్ సెక్షన్. ముందే స్విచ్చి ఆపి, ఉన్న ఊపు మీద దాటిపోవాలి. అక్కడ ఆగితే ఎంత గొప్ప ఇంజినైనా పాత ఇనుప సామానే. డీజిల్ ఇంజిన్ వచ్చి లాగాల్సిందే.

నయం, వెనకున్నవి ఖాళీ పెట్టెలు.

మౌలాలి నుంచి డీజిల్ వచ్చింది. అందులోంచి దిగిన డ్రైవర్ కొమురెల్లి. బిక్షపతి భార్య శారదకు సొంత అన్న. నాచారంలో ఇద్దరి ఇళ్ళకూ గోడ ఒకటే. బోనాలకు ఇంటికొచ్చి పిలవలేదని కొమురెల్లి, పిలిస్తే గానీ రారా అని బిక్షపతి. అప్పట్నుంచి మాటల్లేవు.

"రాజయ్యా, మీ డ్రైవర్ను బ్రేకులు వదలమను," అన్నాడు కొమురెల్లి.

"వదిలిన అని చెప్పు రాజయ్యా," అన్నాడు బిక్షపతి.

ముగ్గురూ నిలబడ్డది ఒక్కచోటే. రాజయ్య ఇద్దరినీ చూసి, "నేను కప్లింగ్ సూసొస్త," అని మెల్లగా జారుకున్నాడు.

బిక్షపతి ఒక అడుగు ముందుకేశాడు. "ఆదివారం పిల్లకు చెవులు కుట్టిస్తున్నం బావా. మేనమామ ఒళ్ళె కూసోబెట్టకుంటె కుట్టనియ్య అంటది శారద. ఒకటే ఏడుపు."

"ఇంటికొచ్చి చెప్పొచ్చు గద," అన్నాడు కొమురెల్లి, పట్టాల వైపు చూస్తూ.

"వచ్చిన. గేటు దాక వచ్చి మొఖం చెల్లక మర్లిపోయిన." బిక్షపతి తలవంచుకున్నాడు. "నిజం చెప్తున్న బావా. గొర్రె గిర్రె ఏం లేదు. నేనే ఆపిన. ఇయ్యాల డీజిల్ డ్యూటీ నీదని తెలిసే ఆపిన. చార్జిషీటు ఇస్తె ఇయ్యనీ."

కొమురెల్లి జేబులోంచి నూనె మరకల గుడ్డ తీసి, దాంతోనే కళ్ళు తుడుచుకున్నాడు. బావమరిది మీద జాలేసింది, చెల్లెలు గుర్తొచ్చింది.

"నీకు జర గూడ తెలివి లేదు బిక్షపతీ," అన్నాడు చివరికి. "నేను ఎప్పుడో డ్యూటీ దిగి అన్నం ముందల కూసున్న. ఆగింది నీ బండని ఇని, డీజిల్ ఎక్కినోన్ని దింపి నేనెక్కొచ్చిన."