మిగిలిన బండ

కారు ముందు చక్రం నల్లటి ఒండులో సగం దిగిపోయింది.

సుకుమార్ యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంకాస్త దిగింది.

ఎండాకాలం చివర్లో పోచంపాడ్ ప్రాజెక్టులో నీళ్లు తగ్గినప్పుడు బయటపడే ముంపు ఊరిని చూద్దామని భార్య ప్రవళికతో హైదరాబాద్ నుంచి వచ్చాడు. చూడటం అయింది. ఫోటోలూ అయ్యాయి. వెళ్లడమే కావడం లేదు.

ఫోన్‌లో సిగ్నల్ లేదు. కనుచూపు మేరలో రోడ్డు లేదు. పడమట మబ్బు కమ్ముతోంది.

"వాన పడితే?" అంది ప్రవళిక, కడుపు మీద చెయ్యేసుకుని.

అతను కారు దిగి చక్రం చుట్టూ ఒండును చేత్తో తోడసాగాడు.

మొండిగోడల వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. చేతులు పచ్చగా ఉన్నాయి.

"ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు కూలీ అయ్యుంటుంది," గొణిగాడు సుకుమార్. "ఏ ఊరవ్వా?"

"గిదే." ఒండును చూపించింది.

అతనికి నవ్వొచ్చింది.

"నవ్వుడు గాదు సారూ. వాన వడ్డదంటే గీ ఒండు ట్రాక్టర్‌ను గూడ మింగుతది." ప్రవళిక వైపు తిరిగింది. "ఎన్నో నెల బిడ్డా?"

"ఎనిమిది."

"అయ్యో! గిసొంటి పిల్లను గీడికి తెస్తరా ఎవరన్న?"

"చక్రం కింద పెట్టడానికి రాయేమైనా దొరుకుతుందా?" అన్నాడు సుకుమార్.

"యాడియి రాళ్లు? అన్ని ఎప్పుడో ఎత్తుకపోయిండ్రు."

మబ్బును చూసింది. ప్రవళిక కడుపును చూసింది.

"ఒక్క బండ ఉన్నది. జరసేపాగి రా."

అతను మొండిగోడల దగ్గరకు వెళ్లేసరికి ఆమె నేలలో పాతుకున్న ఒక పొడుగాటి బండను తడి కొంగుతో తుడుస్తోంది. కొంగంతా పసుపు.

బురదలోకి పోయే బండకు ఈ తుడవడమేమిటనుకుంటూ దాని మీద అడుగు వేయబోయాడు.

"కాలు వెట్టకు!"

"జారుతుందా?"

ఆమె వంగి బండ చుట్టూ మట్టి తవ్వసాగింది.

ఇద్దరూ దాన్ని పెకలించి ఈడ్చుకొచ్చారు. చక్రం బండ ఎక్కింది. కారు ఒక్క ఊపున బయటపడింది. బండ ఫట్‌మని రెండు ముక్కలై ఒండులో మునిగిపోయింది.

"ఎక్కవ్వా, ఆర్మూర్‌లో దింపుతాం."

"మీరు పోండ్రి. పైలం. నేను జరసేపుంట."

ఆర్మూర్ చేరేసరికి కుండపోత. టీ కొట్టు ముందు కారాపారు. ఊరికి కాస్త దూరం నుంచి పొద్దున తీసిన ఫోటోలను ప్రవళిక పెద్దవి చేసి చూస్తోంది. ఒకచోట వేలు ఆగింది. ఫోన్ భర్త చేతికిచ్చింది.

తలుపుల్లేని, కప్పులేని ఒక ఇంటి ముందు, నిండా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన ఆ బండకు తల ఆనించి, ముసలమ్మ తన గడపకు మొక్కుతోంది.